కొత్త బొమ్మలు, పాత నెగటివులు: ఊరి ఫోటో బృందంపై ఒక సంవాదం

చిన్న పట్టణంలో ఏర్పడే ఛాయాచిత్ర బృందంలో సాధారణంగా రెండు రకాల సభ్యులు ఉంటారు. ఫోటోగ్రఫీయే బతుకుదెరువుగా స్టూడియో నడుపుకునేవారు ఒక రకమైతే, బడిలోనో బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఉద్యోగం చేస్తూ ఇష్టంకొద్దీ కెమెరా కొనుక్కున్నవారు రెండో రకం. తెల్లవారకముందే అందరూ కలిసి సముద్రపు ఒడ్డుకు వెళ్లి, వలలు లాగేవారిని ఫోటోలు తీసుకుంటున్నంత కాలం ఈ తేడా బయటపడదు. బృందం పేరు మీద ఊరికోసం ఏదైనా పని తలపెట్టాలన్న మాట వచ్చినప్పుడే, ఆ పని ఏమిటన్న దగ్గర అభిప్రాయాలు రెండుగా చీలిపోతాయి. ఈ సంవాదం ఆ చీలిక గురించినది. దీనికి బాపట్ల జిల్లాలోని చీరాల, దాని పక్కనున్న వేటపాలెం రంగస్థలాలు. మున్సిపాలిటీ, దాని పన్నులు వద్దని 1921లో ఊరు విడిచి రామ్‌నగర్ అనే పాకల వాడలో దాదాపు పదకొండు నెలలు కాపురమున్న ప్రజలు ఇక్కడివారే. నేటికీ మగ్గం చప్పుడు వినిపించే వీధులు ఇక్కడ ఉన్నాయి. 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం వేటపాలెంలోనే ఉంది. వక్తలు ఇద్దరూ ఫలానా వ్యక్తులు కారు, రెండు పక్షాలకు కల్పించిన రూపాలు మాత్రమే: ఒకరు చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన మాస్టారు, మరొకరు ఆయన దగ్గరే చదువుకొని, తండ్రి పెట్టిన ఫోటో స్టూడియోను నడుపుతూ, జాతీయ పోటీలకు బొమ్మలు పంపే శిష్యుడు.

పూర్వపక్షం శిష్యుడిది. బృందం చేయవలసిన మొదటి పని సభ్యులకు బొమ్మ తీయడం నేర్పడమేనని, ఆ పనికి సలాన్ పద్ధతికి మించిన గురువు లేదని అతని వాదం. సలాన్ అంటే దేశదేశాల నుంచి వచ్చిన ఛాయాచిత్రాలను కొందరు న్యాయనిర్ణేతలు చూసి, మార్కులు వేసి, ఎన్నుకున్నవాటినే ప్రదర్శించే పోటీ. ఈ పోటీలకు గుర్తింపునిచ్చే అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్ 1950లో ఏర్పడింది. మన దేశంలో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ 1953 నుంచి ఉంది. ఎన్నికైన బొమ్మల లెక్కను బట్టి ఫోటోగ్రాఫర్ పేరు చివర రాసుకోదగిన బిరుదులు వస్తాయి.

"మాస్టారూ, ఆ బిరుదులకోసం పాకులాడతారని మీరు ఎగతాళి చేయవచ్చుగానీ, పెళ్లి ఆల్బమ్ తప్ప మరొకటి ఎరగని కుర్రవాడికి చట్రంలో ఏది ఉంచాలో ఏది వదలాలో నేర్పేది ఆ తిరస్కారమే. పంపిన నాలుగు బొమ్మలూ వెనక్కి వస్తే, ఐదోదాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకొని తీస్తాడు. ఊరి చరిత్ర, ఊరి సేవ అంటూ మొదలుపెడితే అడ్డదిడ్డంగా తీసిన ప్రతి బొమ్మకూ మంచి ఉద్దేశం ఒక సాకు అవుతుంది."

ఈ మాటలో నిజం లేకపోలేదు. సేవ పేరుతో జరిగే ఛాయాచిత్ర ప్రదర్శనల్లో సగం గోడలను మసక బొమ్మలే నింపుతాయని చూసినవారందరికీ తెలుసు. అయితే మాస్టారి అభ్యంతరం బొమ్మల నాణ్యత మీద కాదు, వాటి పోలిక మీద.

"అబ్బాయీ, ఆ పోటీల పుస్తకాలు తిరగేసి చూడు. పొగ వదిలే ముడతల ముఖం, దుమ్ములో దూకే ఎడ్లు, పొగమంచులో ఒంటరి పడవ, కిటికీ వెలుగులో పుస్తకం పట్టుకున్న చిన్న సన్యాసి. అవి చీరాలలో తీసినవో, బీహారులో తీసినవో, బర్మాలో తీసినవో బొమ్మను చూసి చెప్పలేము. చెప్పలేకపోవడమే అక్కడ గెలుపుకు దారి, ఎందుకంటే న్యాయనిర్ణేతకు ఊరు తెలియనక్కరలేదు. ఊరు తెలియని చూపుకోసం తీసిన బొమ్మలో ఊరు మిగలదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారుగదా, మీరు ఇంటిని గడప దగ్గరే వదిలేసి రచ్చకు వెళుతున్నారు."

మాస్టారు తన పక్షానికి ఆధారంగా ఇంగ్లండును తెచ్చారు. 1889లో బర్మింగ్‌హామ్ ఫోటోగ్రఫిక్ సొసైటీ ముందు డబ్ల్యూ. జెరోమ్ హారిసన్ అనే సైన్సు ఉపాధ్యాయుడు, ఔత్సాహిక ఛాయాగ్రాహకులు ఎవరి ప్రాంతాన్ని వారు వరుసగా, ఒక పద్ధతి ప్రకారం నమోదు చేయాలని ప్రతిపాదించాడు. ఆ మరుసటి ఏడాదే వారిక్‌షైర్‌లో పని మొదలైంది. 1897లో పార్లమెంటు సభ్యుడు సర్ బెంజమిన్ స్టోన్ దీనిని దేశవ్యాప్తం చేయడానికి ఒక సంఘాన్ని స్థాపించాడు. అది 1910 వరకు నడిచి, కొన్ని వేల ముద్రణలను బ్రిటిష్ మ్యూజియానికి అందజేసింది. చిన్న చిన్న పట్టణాల సంఘాలు కూడా ఈ నమోదు ఉద్యమంలో చేరాయి, వెయ్యిమందికి పైగా ఔత్సాహికులు పాలుపంచుకున్నారు. ఆ ఉద్యమపు నియమాలు ఇక్కడ ముఖ్యం: నెగటివు మీద దిద్దుబాటు చేయరాదు, ముద్రణ త్వరగా వెలిసిపోని ప్లాటినం లేదా కార్బన్ పద్ధతిలో ఉండాలి, ప్రతి బొమ్మకూ ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు అన్న వివరాల చీటీ అతికించాలి. 1916లో ఈ పని మీద ఒక చేతిపుస్తకం రాసిన ముగ్గురిలో ఒకరైన స్టాన్లీ జాస్ట్ ఫోటోగ్రాఫర్‌గా కాక, క్రాయిడన్ పట్టణ గ్రంథాలయాధికారిగా పేరున్నవాడు.

"గ్రంథాలయాధికారి ఉన్నాడు కాబట్టే ఆ బొమ్మలు మిగిలాయి. మనకు వేటపాలెంలో నూరేళ్లు దాటిన గ్రంథాలయం ఉండగా, బృందం తీసిన బొమ్మలు ఎవరి హార్డ్‌డిస్కులో వారివి చచ్చిపోవలసిన గతి ఏమిటి?"

శిష్యుడు ఈ ఉదాహరణను అంత తేలికగా ఒప్పుకోలేదు, ఒప్పుకోనక్కరలేదు కూడా.

"మీరు చెప్పిన ఆ దొరలు ఏమి తీశారో కూడా చెప్పండి, మాస్టారూ. పాత చర్చీలు, చెక్క ఇళ్లు, జింక కొమ్ములు పట్టుకొని ఆడే పల్లె నాట్యాలు. వాళ్ల ఊళ్లలోనే ఫ్యాక్టరీలు పొగలు కక్కుతుంటే, వాటిలో పనిచేసేవారి వాడలు కిక్కిరిసి ఉంటే, వాటివైపు కెమెరా తిప్పినవారు అరుదు. మాయమైపోతున్నదే చరిత్ర అని ముందే తేల్చుకొని బయలుదేరితే, ఉన్నది కనబడదు. ఇక్కడ కూడా అదే జరుగుతుంది: గుడి గోపురం, పెంకుటిల్లు, కొయ్య స్తంభాలు. పాలిథిన్ పట్టా కప్పిన మగ్గం షెడ్డును, జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ల నల్లబడిన వేళ్లను వారసత్వ యాత్రలో ఎవరు తీస్తారు?"

ఈ దెబ్బకు మాస్టారి దగ్గర పూర్తి సమాధానం లేదు. ఛాయాచిత్ర సర్వేలను చదివిన చరిత్రకారులు వాటి మీద మోపే ప్రధాన నింద కూడా ఇదే. మన దేశంలో దీనికంటే ఘోరమైన పూర్వరూపం ఉంది: 1868, 1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'లో మనుషులు కులాలకు, తెగలకు నమూనాలుగా నిలబడ్డారు, చాలామందికి అక్కడ పేరు లేదు, ఉన్నదల్లా జాతి వర్ణన. నమోదు అనగానే అది నిష్పక్షపాతమని భావించడం తప్పని ఆ సంపుటాలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మాస్టారు అందుకు విరుగుడుగా కెమెరాను చేతులు మార్చాలన్నారు. 1992లో చైనాలోని యునాన్ రాష్ట్రంలో కారొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు పరిశోధకులు 62 మంది గ్రామీణ స్త్రీలకు కెమెరాలిచ్చి, వారి బతుకును వారినే తీయమని, తీసిన బొమ్మల మీద వారినే మాట్లాడమని కోరారు. ఫోటోవాయిస్ అనే పేరుతో వ్యాపించిన ఈ పద్ధతిలో బొమ్మ అంతిమ ఫలితం కాదు, అధికారుల ముందు జరిగే చర్చకు అది ఒక సాధనం. అమెరికన్ ఛాయాగ్రాహకురాలు వెండీ యూవాల్డ్ గుజరాత్‌లోని విచ్ఛియా గ్రామంలో పిల్లలతో ఇటువంటి పనే చేశారు. పిల్లలు తీసిన బొమ్మల్లో పెద్దల కంటికి ఆనని విషయాలు ఉండటం సహజం, కెమెరా ఎత్తు మారితేనే ఇల్లు వేరేగా కనిపిస్తుంది.

"ఇవ్వండి, కానీ చేనేత వాడకు మాత్రం మీరే ముందు వెళ్లి చూసి రండి," అన్నాడు శిష్యుడు. "ఆ వీధిలోకి కెమెరాతో వెళ్లినవాడిని ఇప్పుడు ఏమంటున్నారో తెలుసా? మాకొచ్చేది ఏమిటి అని అడుగుతున్నారు. పత్రికలవారు వచ్చారు, కళాశాల పిల్లలు వచ్చారు, పోటీలవారు వచ్చారు. బొమ్మ తిరిగి తెచ్చి ఇచ్చినవారు లేరు."

ఆ వీధిని కాస్త దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే ఉభయపక్షాల వాదమూ అక్కడ పరీక్షకు నిలుస్తుంది. మగ్గానికి ఎక్కే ముందు పడుగు, అంటే చీర పొడుగునా సాగే నూలుపోగుల వరుస, గట్టిపడటానికి గంజి పట్టించాలి. పొద్దెక్కకముందే వీధి పొడవునా కర్రల ఆధారం మీద పడుగును చాచి, ఇంటిల్లిపాదీ రెండు పక్కలా నిలబడి, పెద్ద కుంచెతో గంజిని పోగుపోగుకూ అందేలా ఒకే దిశలో లాగుతారు. తెగిన పోగు కనిపిస్తే అక్కడికక్కడే ముడి వేస్తారు. ఎండ ముదిరితే గంజి పెళుసెక్కుతుంది, వాన పడితే పని చెడుతుంది. పోటీకి వెళ్లే ఫోటోగ్రాఫర్‌కు ఇది వరం: వాలు వెలుగు, దూరానికి పోయి కలిసే గీతలు, వంగిన నడుములు. అతను చట్రం కుదుర్చుకునే లోపల ఒక మోటారుసైకిలు వచ్చి హారన్ కొడుతుంది, పడుగును పక్కకు జరుపుతారు. ఫోటోగ్రాఫర్ విసుక్కుంటూ కెమెరా దించుతాడు. ఊరి చరిత్రకు కావలసిన బొమ్మ ఆ మోటారుసైకిలుదే. ఇళ్ల ముందు వీధిని పనిస్థలంగా వాడుకునే హక్కు ఎలా కుంచించుకుపోతున్నదో ఆ ఒక్క బొమ్మ చెబుతుంది, దాన్ని మాత్రం ఏ న్యాయనిర్ణేతా ఎన్నుకోడు.

ఇక గుంటమగ్గం దగ్గర శిష్యుడి నేర్పు లేకుండా పని జరగదు. నేత కార్మికుడు కాళ్లు గుంటలో పెట్టి నేలమట్టానికి కూర్చుంటాడు. గది చీకటి, వెలుగు ఒక కిటికీ నుంచో పెంకు సందులోని గాజు పలక నుంచో వస్తుంది. ఫ్లాష్ వేస్తే పట్టు మెరుపు తెల్లని మచ్చగా మారి, కుప్పడం చీర అంచు దగ్గర రంగులు కలిసే తీరు కనబడకుండా పోతుంది. షట్టరును సెకనులో పదిహేనో వంతు ఉంచితే నాడె, అంటే పేకను అటూ ఇటూ మోసే సాధనం, ఒక చారగా సాగి కదలికను చెబుతుంది. ఐదు వందలో వంతు ఉంచితే అదే నాడె గాలిలో నిలిచిపోయి, దాని కొయ్య అరుగుదల కూడా తెలుస్తుంది. రెండూ నిజమే, ఏది కావాలో తెలిసినవాడే తీయగలడు. నమోదుకు నేర్పు అక్కరలేదన్న ధ్వని మాస్టారి మాటల్లో ఎక్కడైనా ఉంటే, అది ఇక్కడితో వీగిపోతుంది.

మాస్టారు దానిని ఒప్పుకొని, వాదాన్ని బొమ్మ నుంచి చీటీ మీదికి మళ్లించారు.

"నేర్పు నీది, కాదనను. కానీ నీ బొమ్మ కింద ఉన్న శీర్షిక 'శ్రమ సౌందర్యం'. ఆ మనిషి పేరేమిటి? ఏ వీధి? నేస్తున్నది ఎవరి ఆర్డరు, పట్టు ఎక్కడిది? యాభై ఏళ్ల తరువాత ఒకరు ఆ బొమ్మను చూస్తే సౌందర్యం తప్ప మరేమీ మిగలదు."

"పేరూ తేదీ అన్నీ ఫోనులోనే ఉంటున్నాయిగా, మాస్టారూ, ఈ రోజుల్లో."

ఈ నమ్మకం చాలామందిలో ఉంది కాబట్టి దీనిని విప్పి చెప్పవలసి ఉంది. డిజిటల్ బొమ్మ ఫైలులో తీసిన తేదీ, సమయం, కెమెరా అమరికలు, కొన్నిసార్లు స్థలపు అక్షాంశ రేఖాంశాలు వాటంతటవే నమోదవుతాయి; దీనిని ఎగ్జిఫ్ సమాచారం అంటారు. అయితే అదే బొమ్మను వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే పరిమాణం తగ్గడమే కాక, ఈ సమాచారంలో చాలాభాగం రాలిపోతుంది. చిన్న పట్టణపు బృందాల బొమ్మలు చేతులు మారేది ఎక్కువగా ఆ దారిలోనే. పైగా ఏ కెమెరా కూడా ఎదుటి మనిషి పేరు రాయదు. పేరు మనిషిని అడిగి రాసుకోవలసిందే, అందుకు సిగ్గు విడవాలి, కాసేపు కూర్చోవాలి. ఔత్సాహికులు ఎక్కువమంది ఎగవేసేది ఈ పనినే. పుస్తకం, పెన్సిలు లేని కెమెరా సంచులే బృందాల్లో ఎక్కువ.

శిష్యుడు అప్పుడు సంవాదాన్ని ఇద్దరూ అనుకోని వైపు తిప్పాడు.

"చీటీ గురించి ఇంతగా చెబుతున్నారు కాబట్టి ఒక మాట. మా నాన్నగారి కాలం నుంచి స్టూడియో అటక మీద నెగటివుల డబ్బాలు ఉన్నాయి. ఒక్కొక్కటి బటర్ పేపరు కవరులో, కవరు మీద నంబరు, ఆ నంబరుకు సరిపోయే బిల్లు పుస్తకంలో పేరు, ఊరు, తేదీ. మళ్లీ కాపీ కావాలని వచ్చేవారికోసం అలా ఉంచేవారు. మీ ఇంగ్లండు సంఘం నియమాలు చదవకుండానే ఊళ్లో ప్రతి స్టూడియో ఆ పని చేసింది. పెళ్లికూతుళ్లు, దుబాయి పోయేవారి పాస్‌పోర్టు బొమ్మలు, పసిబిడ్డలు, చనిపోయినవారిని కుర్చీలో కూర్చోబెట్టి తీసినవి కూడా. డిజిటల్ వచ్చాక చాలాచోట్ల ఆ డబ్బాలను వెండికోసం తూకానికి అమ్మేశారు. మీరు ఊరి చరిత్రను వీధుల్లో వెతుకుతున్నారు."

సంవాదంలో అత్యంత బలమైన మాట ఇదే, అది పూర్వపక్షం నోట రావడం విశేషం. తమిళనాట పుదుచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు బ్రిటిష్ లైబ్రరీ తోడ్పాటుతో పాత స్టూడియోల చిత్రాలను సేకరించి డిజిటల్ రూపంలోకి మార్చారు. తెలుగునాట ఫోటో స్టూడియోల చరిత్ర అనగానే నిజాం కొలువులోని రాజా దీన్ దయాళ్ దగ్గర ఆగిపోవడం అలవాటు; ఆయన హైదరాబాదులో 1892లో స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో నడిపిన సంగతిని గొప్పగా చెప్పుకునేవారు, తమ పట్టణపు బస్టాండు ఎదుట ఉన్న స్టూడియో అటకను తలచుకోరు.

మాస్టారు ఉత్సాహం పట్టలేక, డబ్బాలన్నీ దింపించి, విద్యార్థులతో శుభ్రం చేయించి, ఫేస్‌బుక్ పేజీలో పెట్టించి, ముఖాలు ఎవరివో ఊరిని గుర్తుపట్టమంటే నెలరోజుల్లో పని పూర్తవుతుందన్నారు. శిష్యుడు అడ్డుపడ్డాడు.

"శుభ్రం అనకండి, మాస్టారూ. పాత నెగటివుల మీద సన్నని పెన్సిలుతో దిద్దుబాటు ఉంటుంది. నెగటివులో నలుపెక్కిన చోటు ముద్రణలో తెల్లబడుతుంది కాబట్టి, పెళ్లికూతురి చెంపలమీద, కళ్లకింద పెన్సిలు రుద్ది ముఖాన్ని తెలుపు చేసేవారు. మీ పిల్లలు తడిగుడ్డ పెట్టారంటే ఆ పనితనమంతా పోతుంది. ఇక పేజీలో పెట్టడం అసలు కుదరదు, అవి మనవి కావు."

రెండు అభ్యంతరాలూ సరైనవే. ఆ పెన్సిలు గీతలు చెరిగితే ఒక కాలపు సౌందర్య భావనకు, మేని ఛాయ మీది మోజుకు మిగిలిన సాక్ష్యమే చెరుగుతుంది. రెండోది చట్టం: 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఛాయాచిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్న మనిషే తప్ప స్టూడియో కాదు. చట్టాన్ని పక్కన పెట్టినా, పెళ్లి చూపులకోసం రహస్యంగా తీయించుకొని ఆ సంబంధం కుదరక వదిలేసిన బొమ్మను మనవల కాలంలో ఊరంతా చూస్తే ఆ ఇంటికి ఏమవుతుందో ఆలోచించవలసినదే. మాస్టారు సమ్మతిని ఒక సంతకం కాగితంగా భావించారు; స్టూడియో నడిపినవాడికి అది ప్రతి బొమ్మకూ వేరుగా తేలవలసిన వ్యవహారమని తెలుసు.

చివరికి ఇద్దరూ ఒక పని క్రమానికి వచ్చారు, అన్నింటిలోనూ ఏకీభవించి కాదు. బిల్లు పుస్తకాలను ముందు కాపీ తీయాలి, ఎందుకంటే నెగటివు మిగిలి పుస్తకం పోతే అందులోని మనిషి అనామకుడవుతాడు. నెగటివులను మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపడం తప్ప మరేమీ చేయకుండా, వెలుగుపెట్టె మీద ఉంచి కెమెరాతో నకలు తీయాలి. నకళ్లను బయట పెట్టకుండా, బిల్లులోని చిరునామాను బట్టి ఇళ్లకు వెళ్లి, ఒక ముద్రణ చేతికిచ్చి, వివరాలు అడిగి, గ్రంథాలయానికి ఇవ్వవచ్చునో లేదో వారినే చెప్పమనాలి. మాకొచ్చేది ఏమిటి అన్న వీధి ప్రశ్నకు బృందం దగ్గర ఉన్న నిజాయితీగల జవాబు ఆ ముద్రణే. ముద్రణ వెనుక వివరాలు అంచున మెత్తని పెన్సిలుతో రాయాలి. బాల్‌పెన్ను గీత ముందువైపుకు పొంగుతుంది, సిరా ఊరుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న నేటి కాగితం మీద పెన్సిలు పడదు కాబట్టి, దానికి చెరగని సిరా కలం వాడాలి.

పోటీలకు బొమ్మలు పంపడం మానతానని శిష్యుడు అనలేదు, మానమని అడగవలసిన అవసరమూ లేదు. మగ్గం గదిలో వెలుగును లొంగదీసుకునే చేయి అతనికి అక్కడే కుదిరింది. వీధుల నమోదు వద్దని మాస్టారూ అనలేదు. ఒకే మూల నుంచి ఏటా ఒకే బొమ్మ తీయాలన్న ఆయన ప్రతిపాదన అలాగే ఉంది. 1870ల నాటి అమెరికా సర్వే దృశ్యాలను 1977 నుంచి అవే చోట్ల నిలబడి మళ్లీ తీసిన మార్క్ క్లెట్ బృందం పని దానికి మాదిరి. వివాదం మిగిలింది ఏది ముందు అన్న దగ్గర మాత్రమే.

ఆ ఒక్క విషయంలో తీర్పు కష్టం కాదు. పడుగు చాచే వీధి వచ్చే ఏడాది కూడా కొంత మిగిలే ఉంటుంది, మాస్టారి మూల ఎక్కడికీ పోదు. స్టూడియోల్లోని పాత ఫిల్ములో చాలాభాగం సెల్యులోజ్ అసిటేట్ అనే పదార్థం. వేడిలో, తేమలో అది విరిగి ఆమ్లం పుట్టి, డబ్బా తెరవగానే వెనిగర్ పులుపు వాసన కొడుతుంది. ఫిల్ము ముడుచుకొని, పైపొర ముడతలు పడి లేచిపోతుంది. మొదలైన ఈ చెడుపును చల్లదనంతో నెమ్మదింపజేయవచ్చునే గాని వెనక్కి తిప్పడం సాధ్యం కాదు, సముద్రపు గాలి తగిలే చీరాల అటకల మీద చల్లదనం ఉండదు. ఆ ముఖాలను చూసి పేర్లు చెప్పగలవారు కూడా ఎనభై దాటినవారే. కాబట్టి ఊరి ఫోటో బృందం తొలి ఏడాది కొత్త బొమ్మ ఒక్కటీ తీయకపోయినా నష్టం లేదు, అటక మీది డబ్బాలు దింపాలి.